జనం వద్దంటే పరాయి సైన్యం పోతుందా?

పానగల్లు టీచర్ (నల్గొండ)

అందరికీ నమస్కారం. మా డిగ్రీ కాలేజీలో పోయిన వారం పిల్లలకు డిబేట్ పెట్టాం. వేరే దేశపు సైన్యం తమ నేల మీద మకాం వేస్తే మామూలు జనం దాన్ని పంపించగలరా అన్నది అంశం. క్లాసులో ఎక్కువ మంది పంపించలేరు అనే వైపే నిలబడ్డారు. ధర్నాలు చేస్తారు, రెండు రోజులు టీవీలో చూపిస్తారు, ఆ తర్వాత రెండు ప్రభుత్వాలు కూర్చుని సంతకాలు పెట్టుకుంటాయి, అంతే కదా మేడం అన్నారు.

దొరలకు, రజాకార్లకు ఎదురు నిలిచిన కథలు ఇంటింటా విన్న జిల్లా మనది. ఇక్కడి పిల్లలు ఇంత తేలిగ్గా చేతులెత్తేయడం నాకు బాధ అనిపించింది. అయితే వాళ్లను తప్పు పట్టలేను, మన సిలబస్‌లో ఈ ఉద్యమాల గురించి పేరాగ్రాఫ్ కూడా లేదు.

నాకు నినాదాలు వద్దు. ఎక్కడ సైన్యం పోయింది, ఎక్కడ పోలేదు, దానికి కారణం ఏంటి? తెలిసినవాళ్లు రాయండి. వచ్చే నెల మళ్లీ ఇదే అంశం పెడతాను.


నడిగడ్డ నోట్స్ (గద్వాల)

మేడం, వేరే దేశాల దాకా పోకముందు మన హైదరాబాద్ సంస్థానం గురించి పిల్లలకు చెప్పండి. పరాయి సైన్యం మన దగ్గర దాదాపు 150 ఏళ్లు ఉంది.

1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి సేనాని రేమండ్ తయారు చేసిన దళాలను ఆ ఏడాదే రద్దు చేయించారు. 1800లో ఇంకో ఒప్పందం. కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం వైపు నేలంతా రాసిచ్చేశారు. దత్తమండలాలు అని చదువుకుంటాం కదా, అవి సైన్యానికి కట్టిన మూల్యం. అంటే పరాయి సైన్యాన్ని పెట్టుకోవడానికి జిల్లాలకు జిల్లాలే పోయాయి.

అంతటితో ఆగలేదు. ఆ ఒప్పందం ప్రకారం యుద్ధం వస్తేనే నిజాం తన వంతు సైన్యాన్ని పంపాలి. హైదరాబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) హెన్రీ రస్సెల్ కాలంలో మాత్రం శాంతి సమయంలోనూ బ్రిటిష్ అధికారుల కింద ఉండే వేరే దళాన్ని తయారు చేశారు. తర్వాత దానికి హైదరాబాద్ కంటింజెంట్ అని పేరు వచ్చింది. ఆజ్ఞలు బ్రిటిష్ వాళ్లవి, జీతాలు నిజాం ఖజానావి. ఖజానాలో పైసలు లేకపోతే నిజాం మంత్రి చందూలాల్ సాహుకార్ల దగ్గర, పామర్ కంపెనీ దగ్గర ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చేవాడు. అప్పు తీర్చడానికి తాలూకాల శిస్తు వసూలు గుత్తేదార్లకు అప్పగించేవాళ్లు. గుత్తేదారు ఎవరి మీద పడతాడో మన ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. పాలమూరు రైతు ఏనాడూ చూడని సైన్యానికి పాలమూరు రైతే జీతం కట్టాడు.

1853 నాటికి ఆ బకాయి కింద బేరార్, ధారాశివ్, రాయచూర్ దోఆబ్ కంపెనీ చేతికి పోయాయి. రాయచూర్ అంటే మా పక్కనే, కృష్ణకు అవతల. 1860లో ధారాశివ్, రాయచూర్ తిరిగి వచ్చాయి గానీ బేరార్ రాలేదు. నిజాం దివాన్ సాలార్ జంగ్ జీవితమంతా అడిగాడు. చివరికి 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయల చొప్పున శాశ్వత కౌలుకు రాయించుకున్నారు.

ఈ విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. పరాయి సైన్యం గురించి మాట్లాడేటప్పుడు ముందు అడగాల్సింది దాని ఖర్చు ఎవరు కడుతున్నారని.


పేట పోరగాడు (సూర్యాపేట)

అన్నా, చరిత్ర బాగుంది. కానీ ఇది పిల్లల వాదనకే బలం ఇస్తోంది కదా? 1857లో హైదరాబాద్ జనం రెసిడెన్సీ మీదికి పోయారు. ఏమైంది? బ్రిటిష్ వాళ్లు ఇంకో 90 ఏళ్లు ఉన్నారు.


నడిగడ్డ నోట్స్ (గద్వాల)

తమ్మీ, ఓడిపోయింది నిజమే. ఎలా ఓడిపోయిందో కూడా చూడాలి. 1857 జులై 17, శుక్రవారం. మక్కా మసీదు దగ్గర జనం పోగయ్యారు. జమేదార్ చీదా ఖాన్‌ను పట్టుకుని బ్రిటిష్ వాళ్లకు అప్పగించారన్న కోపం అది. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు. వాళ్లు వస్తున్న సంగతి సాలార్ జంగ్ ముందే రెసిడెంటుకు చెప్పించాడు, ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తుర్రెబాజ్ ఖాన్‌ను తర్వాత తూప్రాన్ దగ్గర చంపారు, మౌల్వీని అండమాన్ పంపించారు.

సొంత ప్రభుత్వమే పరాయి సైన్యం పక్షాన నిలబడ్డప్పుడు జనానికి దారి ఎంత ఇరుకు అవుతుందో అది చూపిస్తుంది. కోఠిలోని ఆ రెసిడెన్సీ భవనంలో ఇవాళ మహిళా విశ్వవిద్యాలయం ఉంది, దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంట్ కూర్చున్న చోటికి పాలకుర్తి ఐలమ్మ పేరు రావడం నాకు చాలా గర్వంగా ఉంది.


దేవరకొండ లాయరమ్మ

నడిగడ్డ అన్న ఖర్చు గురించి అడిగాడు, నేను కోర్టు గురించి అడుగుతాను. ఆ సైనికుడు నేరం చేస్తే విచారణ ఎవరు చేస్తారు? ప్రపంచంలో ఈ ఉద్యమాలు చాలావరకు పెద్ద పెద్ద సిద్ధాంతాల దగ్గర మొదలవలేదు. ఒక అమ్మాయికి జరిగిన అన్యాయం దగ్గరో, రోడ్డు మీద జరిగిన చావు దగ్గరో మొదలయ్యాయి.

ఒకినావా తీసుకోండి. 1945 యుద్ధం తర్వాత 1972 మే 15 దాకా ఆ దీవులు అమెరికా పాలనలోనే ఉన్నాయి. జపాన్ నేలలో అది 0.6 శాతమే, కానీ జపాన్‌లో అమెరికా సైన్యం ఒక్కటే వాడుకునే స్థలంలో దాదాపు 70 శాతం అక్కడే ఉంది. 1959లో మియామోరి ప్రాథమిక పాఠశాల మీద అమెరికా యుద్ధ విమానం కూలి చిన్నపిల్లలు చనిపోయారు. 1995 సెప్టెంబరులో ముగ్గురు అమెరికా సైనికులు 12 ఏళ్ల పాపను ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. జపాన్, అమెరికా మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం, చార్జిషీటు పడేదాకా నిందితులు అమెరికా అదుపులోనే ఉండవచ్చు. జపాన్ పోలీసులు అడిగినా వెంటనే అప్పగించలేదు. ఆ అక్టోబరు 21న గినోవాన్‌లో 85,000 మంది సభ పెట్టారు.

దాని ఫలితం పిల్లలకు చెప్పాలి. హత్య, అత్యాచారం కేసుల్లో చార్జిషీటుకు ముందే అప్పగించే విషయాన్ని సానుభూతితో చూస్తామని అమెరికా ఒప్పుకుంది. ఊరి మధ్యలో ఉన్న ఫుటెన్మా వైమానిక స్థావరాన్ని తిరిగి ఇచ్చేస్తామని 1996లో ప్రకటించారు. సైన్యం పోలేదు, నిజమే. కానీ జనం రోడ్డు మీదికి రాకపోతే ఆ రెండు మాటలూ వచ్చేవి కావు.

అయితే ఫుటెన్మాకు బదులు అదే దీవిలో హెనోకో దగ్గర సముద్రాన్ని పూడ్చి కొత్తది కడతామన్నారు. 2014 నుంచి గేటు ముందు ముసలివాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. 2019 ఫిబ్రవరిలో రెఫరెండం పెడితే ఓటేసినవాళ్లలో 72 శాతం వద్దన్నారు. అయినా పని ఆగలేదు. 2023 డిసెంబరులో గవర్నరు అనుమతి ఇవ్వనంటే, ఆయన బదులు టోక్యో ప్రభుత్వమే అనుమతి రాసుకుంది. ఒక లాయరుగా నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఓటు వేయించి, ఆ ఓటుకు విలువ లేదని చెప్పడం.


పేట పోరగాడు (సూర్యాపేట)

అక్కా, అదే నేనూ అనేది. 72 శాతం వద్దన్నా ఆగలేదు.


పానగల్లు టీచర్ (నల్గొండ)

ఆగిన చోటు కూడా ఉంది తమ్ముడూ. ఫిలిప్పీన్స్ మీద నేను కొంత చదివాను.

1947 ఒప్పందంతో అమెరికాకు అక్కడ స్థావరాలు 99 ఏళ్లకు దక్కాయి. తర్వాత ఆ గడువును 1991కి కుదించారు. సుబిక్ నౌకా స్థావరం, క్లార్క్ వైమానిక స్థావరం ఆ రోజుల్లో అమెరికాకు బయటి దేశాల్లో ఉన్న అతి పెద్ద వాటిలో ఉండేవి. మార్కోస్ నియంతృత్వానికి అమెరికా అండగా నిలిచిందన్న కోపం జనంలో బలంగా ఉంది. 1986లో మార్కోస్ పారిపోయాక, 1987 రాజ్యాంగంలో ఒక నిబంధన రాసుకున్నారు. 1991 తర్వాత విదేశీ స్థావరాలు ఉండాలంటే సెనేట్ ఒప్పుకున్న సంధి తప్పనిసరి. నా దృష్టిలో ఉద్యమం అసలు గెలుపు అక్కడే ఉంది. వీధిలో కోపం ఉండగానే దాన్ని చట్టంలోకి ఎక్కించారు.

గడువు వచ్చింది. అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో సంధిని పొడిగించాలనే పక్షాన ఉంది. ఆమే స్వయంగా మద్దతు ర్యాలీకి ముందు నడిచింది. స్థావరాల మీద బతికే వేలమంది కార్మికులు కూడా ఆమె వైపే. అయినా 1991 సెప్టెంబరు 16న సెనేట్ 12–11 ఓట్లతో సంధిని తిరస్కరించింది. ఒక్క ఓటు తేడా. సెనేట్ బయట వానలో జనం నిలబడి ఉన్నారు. ఆ ఏడాది జూన్‌లోనే పినటుబో అగ్నిపర్వతం పేలి క్లార్క్ బూడిదలో కూరుకుపోయింది, దాన్ని అమెరికా అప్పటికే వదులుకుంది. 1992 నవంబరు 24న సుబిక్ కూడా ఖాళీ చేశారు.


పేట పోరగాడు (సూర్యాపేట)

మేడం, తర్వాతి కథ కూడా చెప్పాలి కదా. అమెరికా పోయింది, 1995లో ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ రీఫ్ అనే సముద్రపు దిబ్బను చైనా ఆక్రమించిన సంగతి బయటపడింది. 2012లో స్కార్బరో షోల్ కూడా చైనా చేతికి పోయింది. 2014లో ఫిలిప్పీన్స్ మళ్లీ అమెరికాతోనే ఒప్పందం చేసుకుంది, 2023లో ఆ ఒప్పందం కింద వాడుకునే స్థలాలను 9కి పెంచారు. ఎదురుగా పెద్ద దేశం కూర్చుని ఉంటే చిన్న దేశం ఏం చేయాలి? నేను సైన్యం ఉండాలని చెప్పడం లేదు. పంపించిన మర్నాటి సంగతి కూడా ఆలోచించని ఉద్యమం సగం ఉద్యమమే అంటున్నాను.


కోదాడ రీడర్

పోరగాడి ప్రశ్న నిజాయితీగా ఉంది. ఇంకో సంగతి కలపాలి. ఈ చర్చలో పరాయి సైన్యం అంటే అమెరికా ఒక్కటే అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. మన జిల్లాలో ఎర్రజెండా ఇళ్లల్లో పెరిగినవాళ్లం సోవియట్ సైన్యం గురించి మాట్లాడటానికి మొహమాటపడతాం. మొహమాటం అక్కర్లేదు.

1956లో హంగరీ, 1968 ఆగస్టులో చెకోస్లోవేకియా. ప్రాగ్ లోకి ట్యాంకులు వచ్చినప్పుడు జనం రోడ్ల మీద ఊళ్ల పేర్ల బోర్డులు పీకేశారు, వచ్చిన సైనికులకు దారి తెలియకుండా చేయడానికి. ఆ సైన్యం 1991 జూన్‌లో గానీ పోలేదు. బాల్టిక్ దేశాల్లో 1989 ఆగస్టు 23న సుమారు 20 లక్షల మంది 600 కిలోమీటర్లకు పైగా చేయి చేయి పట్టుకుని నిలబడ్డారు. లిథువేనియా నుంచి రష్యా సైన్యం 1993 ఆగస్టు 31న, లాత్వియా, ఎస్తోనియాల నుంచి సరిగ్గా ఏడాది తర్వాత వెళ్లిపోయింది. మూడు దేశాలూ మన పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల లాగా పక్కపక్కనే ఉన్న చిన్న నేలలు.

ఇప్పుడు అదే లిథువేనియా జర్మనీ సైన్యాన్ని తానే పిలిచి పెట్టుకుంటోంది. అంటే పరాయి సైన్యం అన్నదంతా ఒకే రకం కాదు. ఎవరు పిలిచారు, వెళ్లమంటే వెళ్తారా అన్నది తేడా. 1968లో చెక్ జనం వెళ్లమని అడిగే హక్కే లేకుండా ఉన్నారు.

నైజర్ చూడండి. ఫ్రెంచి సైన్యం 2023 డిసెంబరులో, అమెరికా సైన్యం 2024లో వెళ్లిపోయాయి. రాజధాని నియామీ వీధుల్లో జనం పెద్ద ఎత్తున కదిలిన మాట నిజం. కానీ నిర్ణయం కుట్రతో గద్దెనెక్కిన సైనిక పాలకులది, అమెరికా వాళ్లు ఇంకా సర్దుకుంటుండగానే రష్యా శిక్షకులు దిగారు. జెండా మారింది. ఇలాంటిదాన్ని పిల్లలకు గెలుపు అని చెప్పవద్దని మేడంకు నా మనవి.


కల్వకుర్తి ఫౌజీ

ఇంతసేపు చదువుతున్నాను. ఎవరైనా ఈ మాట ఎత్తుతారని చూశాను, ఎత్తలేదు. మన సైన్యం కూడా ఒక చోట పరాయి సైన్యమే. నేను అక్కడ ఉన్నాను.

1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకం చేశారు. శాంతి సేన పేరుతో మమ్మల్ని పంపించారు. యాళ్పాణంలో (జాఫ్నా) మొదట తమిళులు మాకు పూలదండలు వేశారు. అక్టోబరు వచ్చేసరికి అదే ఊళ్లో ఎల్‌టీటీఈతో యుద్ధం. వీధి వీధికీ పోరాటం, మధ్యలో మామూలు జనం. ఆసుపత్రిలో జరిగిన కాల్పుల్లో డాక్టర్లు, రోగులు చనిపోయారు. మా వాళ్లు వెయ్యి మందికి పైగా తిరిగి రాలేదు. అటు దక్షిణాన సింహళ యువత జేవీపీ అనే పార్టీ పిలుపుతో భారత్ వస్తువులు కొనొద్దని ఉద్యమం చేసింది. ఉత్తరంలోనూ మేం వద్దు, దక్షిణంలోనూ మేం వద్దు. ప్రేమదాస అధ్యక్షుడయ్యాక వెళ్లిపొమ్మని చెప్పేశాడు. 1990 మార్చి 24న చివరి ఓడ బయలుదేరింది.

నాకు నా రెజిమెంటు మీద గౌరవం ఉంది, నాతో వచ్చి అక్కడే ఉండిపోయిన వాళ్లను తలచుకోని రోజు లేదు. వాళ్లలో ఎవరూ ఆ దేశాన్ని ఆక్రమించాలని పోలేదు. కానీ వాకిట్లో తుపాకీతో నిలబడ్డ సైనికుడి మనసులో ఏముందో ఇంటివాళ్లకు కనిపించదు. వాళ్లకు తుపాకీ కనిపిస్తుంది, భాష రాని నోరు కనిపిస్తుంది. మంచి ఉద్దేశంతో వచ్చామన్న మాట ప్రతి సైన్యమూ చెబుతుంది. ఈ మాట మీ పిల్లలకు ఒక ఫౌజీ చెప్పాడని చెప్పండి.


పానగల్లు టీచర్ (నల్గొండ)

సార్, తప్పకుండా చెబుతాను. మీకు వీలైతే డిబేట్ రోజు కాలేజీకి రండి. మాల్దీవుల సంగతి కూడా కలుపుతాను. అక్కడ మన వాళ్లు సుమారు 80 మందే, హెలికాప్టర్లు, ఒక విమానం నడపడానికి ఉండేవాళ్లు. రోగులను దీవుల నుంచి తరలించేది కూడా వాటితోనే. అయినా భారత్ వెళ్లిపోవాలన్న నినాదం ఎన్నికల్లో పనిచేసింది, 2024 మే నాటికి సైనికుల స్థానంలో మామూలు సాంకేతిక సిబ్బందిని పెట్టారు. మన దగ్గర చాలామంది దీన్ని కృతఘ్నత అన్నారు. ఒకినావా వాళ్లను మెచ్చుకునే మనం మాల్దీవుల వాళ్లను తిట్టడం నాకు సరిగ్గా అనిపించలేదు.


పేట పోరగాడు (సూర్యాపేట)

మేడం, మాల్దీవుల్లో చైనా ప్రయోజనం లేదంటారా?


పానగల్లు టీచర్ (నల్గొండ)

ఉంది. దాన్నీ అడగాలి. కానీ వాళ్ల ఓటర్లు అడిగారు, వాళ్ల ప్రభుత్వం చెప్పింది, మన ప్రభుత్వం ఒప్పుకుని సైనికులను మార్చింది. గొడవ లేకుండా జరిగిన ఆ పద్ధతి మంచిదే.


మక్తల్ బాట

నేను పెద్దగా చదువుకోలేదు, కువైట్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను. మీరందరూ సైనికుల గురించి మాట్లాడుతున్నారు, ఆ స్థావరాల్లో అన్నం వండేది, బట్టలు ఉతికేది, మరుగుదొడ్లు కడిగేది ఎవరని ఎవరూ అడగలేదు. మాలాంటివాళ్లమే. నారాయణపేట, మక్తల్ దిక్కు నుంచి ఒకప్పుడు బొంబాయి, పూణె పోయేవాళ్లు, తర్వాత గల్ఫ్ పోవడం మొదలైంది. ఇండియా, నేపాల్, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ వాళ్లు కలిసి ఒకే షెడ్డులో ఉండేవాళ్లం.

నేను ఒక సబ్ కాంట్రాక్టు కంపెనీ కింద అమెరికా క్యాంపు లాండ్రీలో ఉన్నాను. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ఒప్పుకున్న జీతం ఒకటి, ఇచ్చింది ఒకటి. ఫిర్యాదు చేద్దామంటే ఇది క్యాంపు లోపల, కువైట్ లేబర్ వాళ్లకు సంబంధం లేదన్నారు. క్యాంపు వాళ్లను అడిగితే మీరు మా ఉద్యోగులు కాదు, కంపెనీని అడగండి అన్నారు. దేవరకొండ అక్క చెప్పిన ఏ కోర్టు అనే ప్రశ్న మాకూ ఉండేది.

2004లో ఇరాక్‌లో మన లారీ డ్రైవర్లు ముగ్గురిని ఎత్తుకుపోయారు, వాళ్లు ప్రాణాలతో వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో 12 మంది నేపాలీలను చంపేశారు. వాళ్లు చేసిన తప్పు కూలికి పోవడమే. 2025 జూన్‌లో ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదీద్ మీద ఇరాన్ మిసైళ్లు వేసిందని వార్తలు వస్తే మా ఊళ్లో ఎన్ని ఇళ్లల్లో ఆ రాత్రి టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. ఉద్యమం చేసేవాళ్లు మమ్మల్ని సైన్యానికి తొత్తులు అనుకోవద్దు. మాకు బతుకుదెరువు చూపించే ఉద్యమం అయితే మేమూ వస్తాం.


దేవరకొండ లాయరమ్మ

అన్నా, మీరు రాసింది ఈ చర్చలో అందరికంటే ముఖ్యమైన మాట. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల్లో కార్మికుల పాస్‌పోర్టులు లాక్కోవడం, వాళ్ల దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు వసూలు చేయడం నిషేధిస్తూ 2012లో ఒబామా ఉత్తర్వు ఇచ్చాడు. ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదులు, ఒప్పందం కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి.

బతుకుదెరువు గురించి ఒకినావా అనుభవం ఒకటి ఉంది. 1972లో ఆ దీవుల ఆదాయంలో స్థావరాల వల్ల వచ్చేది సుమారు 15 శాతం. ఇప్పుడు అది 5 శాతం దగ్గర ఉంది. నహా నగరంలో తిరిగి ఇచ్చిన సైనిక స్థలంలో దుకాణాలు, ఆఫీసులు, ఇళ్లు కట్టారు, ముందున్న ఉద్యోగాల కంటే ఎన్నో రెట్లు వచ్చాయి. సుబిక్ కూడా ఫ్రీపోర్టు (సుంకాలు లేని వ్యాపార రేవు) అయింది. సైన్యం పోతే ఊరు ఎండిపోతుందన్న భయాన్ని ఇలాంటి లెక్కలతోనే పోగొట్టాలి.


మూసీ ఒడ్డు (వాడపల్లి)

భూమి గురించి నేను రాస్తాను, రైతును కాబట్టి.

ఒకినావాలో 1950లలో అమెరికా సైన్యం బుల్డోజర్లు, తుపాకులు పెట్టి పొలాలు తీసుకుంది. ఈయెజిమా దీవి రైతులు షోకో అహాగోన్ అనే రైతు నాయకత్వంలో ఊరూరా నడిచి తమ కథ చెప్పుకున్నారు. ఒకేసారి డబ్బు ఇచ్చి పొలం శాశ్వతంగా తీసుకుంటామంటే ఒకినావా మొత్తం లేచింది. తర్వాతి కాలంలో చిన్న చిన్న ముక్కలుగా స్థలం కొని వందలమంది సహ యజమానులయ్యారు, ఇవ్వం అని చెప్పడానికే. 1995లో కొందరు యజమానులు లీజు సంతకం పెట్టలేదు. వాళ్ల బదులు సంతకం పెట్టాల్సిన గవర్నరు మసహిదే ఓతా కూడా పెట్టనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి ఆయన ఓడిపోయాడు. అయినా ఒక పాలకుడు జనం పక్షాన కలం కింద పెట్టడం చిన్న విషయం కాదు. 1857లో మనకు దొరకనిది అదే.

దక్షిణ కొరియాలో ప్యోంగ్‌టేక్ దగ్గర దేచురి అనే వరి ఊరు ఉండేది. అమెరికా స్థావరం పెంచడానికి ఆ ఊరిని తీసుకుంటామన్నారు. ఈ ఏడు కూడా సాగు చేద్దాం అన్నదే వాళ్ల నినాదం. నోటీసులు వచ్చాక కూడా నాట్లు వేశారు. 2006 మేలో వేలమంది పోలీసులు, సైనికులు వచ్చి బడిని కూల్చారు, పొలాల చుట్టూ ముళ్లకంచె వేశారు. 2007లో ఊరు ఖాళీ అయింది. నాగార్జునసాగర్ కింద, శ్రీశైలం కింద ఊళ్లు పోయిన మన జిల్లాల వాళ్లకు ఆ రైతుల బాధ ఎవరూ వివరించనక్కరలేదు.

వికారాబాద్ జిల్లా దామగుండం సంగతి కూడా చెప్పాలి. జలాంతర్గాములకు సందేశాలు పంపే నేవీ రేడియో కేంద్రానికి అక్కడ సుమారు 2,900 ఎకరాల అడవి ఇచ్చారు, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన అయింది. మూసీ పుట్టేది ఆ జిల్లాలోనే, మా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నదికి ఏమవుతుందని అడిగినవాళ్లను దేశద్రోహులు అన్నారు.


కల్వకుర్తి ఫౌజీ

తమ్ముడూ, అది మన సొంత నేవీ. దాన్ని ఈ చర్చలో కలపడం నాకు నచ్చలేదు. జలాంతర్గాములతో మాట్లాడటానికి అలాంటి కేంద్రం దేశానికి అవసరం, తిరునెల్వేలిలో ఇప్పటికే ఒకటి ఉంది.


మూసీ ఒడ్డు (వాడపల్లి)

సార్, పరాయి సైన్యంతో సమానం అని నేను అనడం లేదు. మన నేవీ కాబట్టే మనం అడగగలం, మన ఎంపీని నిలదీయగలం, కోర్టుకు పోగలం. దేచురి రైతులకు అవతలి దేశం పార్లమెంటులో మాట్లాడే మనిషి లేడు. ఆ తేడా పిల్లలకు తెలియాలనే రాశాను.


కల్వకుర్తి ఫౌజీ

ఇలా చెబితే ఒప్పుకుంటాను.


మిర్యాలగూడ శారద

ఆడవాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 1981లో కార్డిఫ్ నుంచి కొంతమంది ఆడవాళ్లు నడిచి ఇంగ్లండ్‌లోని గ్రీన్‌హమ్ కామన్ స్థావరానికి చేరారు. అమెరికా అక్కడ 96 క్రూయిజ్ మిసైళ్లు పెట్టబోతోంది. వాళ్లు కంచె బయట గుడారాలు వేసి అక్కడే ఉండిపోయారు. 1982 డిసెంబరు 12న 30,000 మంది చేతులు కలిపి స్థావరం చుట్టూ నిలబడ్డారు. మిసైళ్లు 1991కి వెళ్లిపోయాయి, దానికి 1987లో రీగన్, గోర్బచేవ్ చేసుకున్న ఒప్పందం కారణం. శిబిరం మాత్రం 2000 దాకా నడిచింది, ఆ ఉమ్మడి భూమి మళ్లీ జనానిదయ్యేదాకా.

నాకు ఎక్కువ ఏడుపు వచ్చే కథ చాగోస్ దీవులది. మన హిందూ మహాసముద్రమే. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వకముందే 1965లో బ్రిటన్ ఆ దీవులను విడదీసి పెట్టుకుంది. డియెగో గార్సియాను అమెరికా స్థావరానికి ఇవ్వడానికి 1968 నుంచి 1973 మధ్య దీవుల్లోని జనాన్నంతా ఓడలెక్కించి మారిషస్, సీషెల్స్‌లో దించేశారు. వాళ్ల కుక్కలను కూడా చంపేశారు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో నిరాహార దీక్షలు చేసింది ఆడవాళ్లే, షార్లెసియా అలెక్సిస్, లిజెట్ తలాట్ లాంటివాళ్లు. పోలీసుల దెబ్బలు తిన్నారు, జైలుకు పోయారు. మన దగ్గర ఐలమ్మ తన పంట తన ఇంటికే చేరాలని పట్టుబట్టినట్టే, వాళ్లు కూడా ఒకే ఒక్క మాట పట్టుకున్నారు, మా ఇంటికి పోనివ్వండి అని.

2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ దీవులను విడదీయడం చట్టబద్ధంగా జరగలేదని చెప్పింది. అదే మేలో ఐక్యరాజ్యసమితిలో 116 దేశాలు మారిషస్ వైపు, 6 దేశాలు మాత్రమే అటువైపు ఓటేశాయి. మన దేశం మారిషస్ వైపే వేసింది.


పేట పోరగాడు (సూర్యాపేట)

అక్కా, మరి ఇప్పుడు వాళ్లు ఇళ్లకు పోయారా?


మిర్యాలగూడ శారద

లేదు తమ్మీ. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం దీవులు మారిషస్‌వి, కానీ డియెగో గార్సియా స్థావరం 99 ఏళ్ల లీజు మీద అలాగే ఉంటుంది, బ్రిటన్ ఏటా సగటున 10 కోట్ల పౌండ్లు కడుతుంది. మిగతా దీవుల్లో స్థిరపడే వీలు మారిషస్ కల్పించవచ్చు, డియెగో గార్సియాలో మాత్రం కుదరదు. తమను అడగకుండానే రెండు ప్రభుత్వాలు తేల్చేశాయని చాగోస్ వాళ్లలో చాలామంది కోపంగా ఉన్నారు. చట్టం పరంగా గెలిచారు, పుట్టిన దీవి ఇంకా చేతికి రాలేదు.


నడిగడ్డ నోట్స్ (గద్వాల)

ఇక్కడ కనీసం అద్దె కట్టేది వచ్చినవాడు. నిజాం విషయంలో కట్టింది ఇంటి యజమాని. జపాన్ కూడా 1978 నుంచి తన మీద ఉన్న అమెరికా సైన్యం ఖర్చులో వాటా తానే భరిస్తోంది. మేడం, పిల్లలకు ఈ మూడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూపించండి.


కోదాడ రీడర్

ఇంకో ఉదాహరణ. ఈక్వడార్ 2008 రాజ్యాంగంలో విదేశీ సైనిక స్థావరాలను నిషేధించింది, మరుసటి ఏడాది మాంటా స్థావరం నుంచి అమెరికా వెళ్లిపోయింది. డ్రగ్ ముఠాల హింస పెరిగాక అధ్యక్షుడు నొబోవా ఆ నిషేధాన్ని ఎత్తేద్దామని 2025 నవంబరులో రెఫరెండం పెట్టాడు. హత్యలతో అల్లాడుతున్న దేశం కూడా వద్దనే ఓటేసింది. పోరగాడు అడిగిన భద్రత ప్రశ్న వాళ్ల ముందు నిజంగానే ఉంది, దాన్ని చూసే జవాబు చెప్పారు.


పానగల్లు టీచర్ (నల్గొండ)

అందరికీ ధన్యవాదాలు. డిబేట్ అంశం మారుస్తున్నాను. పంపించగలరా లేదా అని కాకుండా, పరాయి సైన్యం ఖర్చు ఎవరు కట్టాలి, నేరం చేస్తే ఎవరు విచారించాలి, వెళ్లమని చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉండాలి అని పెడతాను. హైదరాబాద్, ఒకినావా, ఫిలిప్పీన్స్, చాగోస్, శ్రీలంక, ఒక్కో జట్టుకు ఒక్కోటి. శ్రీలంక తీసుకున్న జట్టు ఫౌజీ సార్‌తో ముందే మాట్లాడాలి. మక్తల్ అన్నా, మీరు రాసిన పోస్టు పేరు లేకుండా పిల్లలకు చదివి వినిపించవచ్చా?


మక్తల్ బాట

వినిపించండి మేడం. పేరు పెట్టినా ఇబ్బంది లేదు. గల్ఫ్ పోదామనుకునే పిల్లలు ఆ క్లాసులో ఉంటే, సంతకం పెట్టే ముందు కాగితంలో ఏ దేశం చట్టం రాశారో చూసుకోమని చెప్పండి.